తొట్టికి బెల్లం

మా తమ్ముడు దయానంద్‌కు పిచ్చి పట్టిందని ఊరంతా అనుకుంది. ఊరి కంటే ముందు ఆ మాట అన్నది నేనే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పెట్టుకున్నవాడు కాయ గురించి, డ్రమ్ముల గురించి, కొనేవాళ్ల గురించి తల పగలగొట్టుకోవాలి. వీడు తెల్లారి లేస్తూనే బెల్లం గడ్డ ఒకటి చేతపట్టుకుని షెడ్డు వెనక్కి పోతాడు. అక్కడ మురికినీళ్ల తొట్టి ఉంది. బెల్లాన్ని బకెట్‌లో కరగబెట్టి, ఇంత పేడ కలిపి, అందులో పోస్తాడు. మా ఫ్యాక్టరీ నడిచేది ఏడాదిలో తోతాపురి కాయ వచ్చే రెండు నెలలే. మిగతా కాలమంతా ఆ తొట్టిని మేపుతూ కూర్చోవాలి.

"మనుషులకు టీ పోసే దిక్కు ల్యా, పురుగులకు పానకమా రా?" అని నేను రోజూ సణిగేదాన్ని.

"అవి బతికుంటేనే మనం బతుకుతాం అక్కా. కాయలు కడిగిన నీళ్లలోని తీపీ పులుపూ అంతా అవే తింటాయి. తిని మంచి నీళ్లు ఇడుస్తాయి. ఎనుముకు మేత ఎయ్యకుంటే పాలిస్తాదా? ఇదీ అంతే" అనేవాడు.

నా పేరు కృపారాణి. ఫ్యాక్టరీలో కాయలు కోసే నలభై మంది ఆడవాళ్ల మీద పెత్తనం నాది. నా గొంతు మిషన్ల కంటే పెద్దదని వాళ్లే అంటారు. మా నాయన జయరావు దామలచెరువు మామిడి మండీలో మూటలు మోసి బతికినవాడు. ఆయన పేరు మీదే మా తమ్ముడు చిత్తూరు అవతల, వంక ఒడ్డున ఈ చిన్న ఫ్యాక్టరీ పెట్టాడు. మండీలో మూట మోసినవాని కొడుకు గుజ్జు అమ్ముతున్నాడంటే నవ్వినవాళ్లున్నారు. వాళ్ల ముందు బోర్డు మీద నాయన పేరు చదువుకుంటే నాకు కడుపు నిండేది.

మొదట్లో అందరి మాదిరిగానే మేమూ కడిగిన నీళ్లను వంకలోకి వదిలేశాం. ఏడాది తిరిగేసరికి వంక నురగ కక్కింది. కింద ఊళ్లో చెంగమ్మ బావి నీళ్లు కుళ్లిన కల్లు వాసన కొట్టాయి. చెంగమ్మ సీసాలో ఆ నీళ్లు పట్టుకొచ్చి మా తమ్ముడి బల్ల మీద పెట్టింది.

"తాగి సూడప్పా. నువ్వు తాగితే నేనూ తాగతా" అంది. అరవలేదు, తిట్టలేదు.

వాడు ఆ సీసాను చాలారోజులు బల్ల మీదే ఉంచుకున్నాడు. తరువాత కాలుష్య నియంత్రణ మండలి వాళ్లూ వచ్చి, శుద్ధి తొట్టి లేకపోతే తాళమేనని రాసిచ్చారు. అందరూ ఏదో ఒకటి సర్దుకుందాం లెమ్మన్నారు. వీడు మాత్రం సర్దుకోలేదు. అమ్మ ఇచ్చిపోయిన మామిడి తోపు అమ్మి, పోయిన ఏడు సీజన్ ముగిసి ఆడవాళ్లు ఇళ్లకు పోయాక తొట్టి కట్టించాడు. గాలి కొట్టే మిషన్ పెట్టాడు. అది పగలూ రాత్రీ హోరుమంటూనే ఉండాలి, ఆగితే లోపలి జీవాలు ఊపిరాడక చస్తాయి. ఆ కరెంటుకే మా గుజ్జు ధర పెరిగిపోయింది. కృష్ణగిరిలో మా దగ్గర కొనే జ్యూస్ కంపెనీవాళ్లేమో మండలి అనుమతి ఉంటేనే కొంటామంటారు, ధర మాత్రం తొట్టి లేనివానితో సమానంగా ఇస్తామంటారు. తొట్టి మీ గొప్ప, ధర మార్కెట్‌ది అని వాళ్ల మనిషి నా ముఖం మీదే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అయినా ఒక్కటి చెప్పాలి. చలికాలంలో మండలి నుంచి వేదిక అనే ఆఫీసరమ్మ వచ్చింది. తిరుపతి పిల్ల, నుదుట సన్నటి నామం, కాళ్లకు బూట్లు. తొట్టి మీదకు వంగి, గోధుమరంగు నీళ్లు గ్లాసులో పట్టి వెలుతురుకు పెట్టి చూసింది. "ఇంత ఆరోగ్యంగా ఉన్న తొట్టిని నేను జిల్లాలో చూడలేదండీ" అంది. మా తమ్ముడు పెళ్లిచూపుల్లో పిల్లవానిలా సిగ్గుపడ్డాడు. ఆ పూట నేను సణగలేదు.

ఈ ఏడు ఆ తొట్టికి మొదటి సీజన్. ఈ రెండు నెలలూ కంపెనీకి చెప్పిన గుజ్జు చెప్పినట్టు ఇస్తే ఫ్యాక్టరీ నిలుస్తుంది. లేదంటే ఇక ఎత్తెయ్యడమే. ఆ సంగతి నాకూ తెలుసు, వానికీ తెలుసు, కోతకు వచ్చే ఆడవాళ్లకూ తెలుసు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. సీజన్ మొదలయ్యే ముందురోజు ఆడవాళ్లంతా కూలి అడగకుండా వచ్చి ఫ్యాక్టరీని నేల నుంచి కప్పు దాకా కడుగుతారు. మరునాడు పాస్టరు ప్రార్థన చేస్తాడు, వాళ్లు మిషన్లకు పసుపు కుంకుమలు పెడతారు. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకున్నాక, అందరిలోకి పెద్దదైన మునిరత్నమ్మ మొదటి కాయ కోస్తుంది. ఆ కాయను ఉప్పూ కారం అద్ది తలా ఒక ముక్క తినాలి. మునిరత్నమ్మ మా నాయనతో పాటు మండీలో బుట్టలెత్తిన మనిషి. మా తమ్ముణ్ణి చంకనెత్తుకుని తిరిగిన మనిషి. వాడు షావుకారైనా ఆమెకు 'అబయా'నే.

ఈ ఏడు ఆ కడిగే రోజు పొద్దున మా తమ్ముడు అందరినీ పిలిచి చెప్పాడు. "రేపు ఆఫీసరమ్మ కూడా వస్తాది. మూలమూలా తళతళలాడాల. యాడా ఒక్క మరక కనపడకూడదు. మీదే భారం." చెప్పి, కాయలు తోలే రైతులను ఖాయం చేసుకోవడానికి దామలచెరువు పోయాడు. నేను పాస్టరుకు చెప్పి, మొదటి ట్రాక్టరు రైతుకు కప్పే కొత్త తువ్వాలు కొనడానికి చిత్తూరు పోయాను. సాయంత్రం వాని బండి మీదే ఇద్దరం వెనక్కి వచ్చాం.

గేటు దగ్గరే నాకు ఏదో తేడా కొట్టింది. ఏందో అర్థం కాలేదు. మా తమ్ముడు బండి ఆపి తల ఎత్తి విన్నాడు. గాలి మిషన్ హోరు లేదు.

వాడు బండిని అట్లే వదిలి షెడ్డు వెనక్కి పరిగెత్తాడు. నేనూ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెంటపడ్డాను. తొట్టి చుట్టూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. చీరలు మోకాళ్ల దాకా తడిసి, చేతులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. గాలి నిండా బ్లీచింగ్ పౌడర్ ఘాటు.

మునిరత్నమ్మ ముఖం వెలిగిపోతోంది. "సూడు అబయా. ఏం గలీజు, ఏం గలీజు. పూజ సేసే తావున ఇంత కంపు పెట్టుకుంటారా ఎవురన్నా? వాచ్‌మన్ సేత మోటారు పెట్టించి అంతా తోడిపారేసినాము. మిషన్లు కడిగే సోడా మిగిలింటే అదీ ఏసి రుద్దినాము. మళ్లా బోరు నీళ్లు పట్టినాము. అడుగు కనపడతా ఉండాది సూడు."

నిజంగానే అడుగు కనపడుతోంది. తొట్టి నిండా తేటనీళ్లు. సాయంత్రపు ఎండకు అడుగున సిమెంటు మీది తాపీ గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఇన్ని నెలలుగా వాడు పోసిన బెల్లం, పేడ, వాడు కాచిన ప్రాణం మొత్తం పక్కనున్న బీడులో తడి మరకగా ఆరిపోతోంది.

నా నోరు ఊరుకోదని మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. నోరు తెరిచాను. మా తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు ఒకటి చిట్లింది.

"శానా బాగుండాదమ్మా. అందరూ అలిసిపోయినారు. టీ తాగిపోండి" అన్నాడు.

ఆమె వాని తల నిమిరి పోయింది. వాళ్లు గేటు దాటిన తరువాత వాడు తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. నువ్వైనా చెప్పలేకపోతివా, తొట్టి చుట్టూ కంచె కట్టి తాళం వేయలేకపోతివా, మరక ఉండకూడదని ఎందుకు కూశావు అని తిట్టాను. వాడు అన్నింటికీ తల ఊపాడు.

"ముసిల్దానికి సెప్పొద్దక్కా. తెలిస్తే తట్టుకోలేదు" అన్నాడు, నా తిట్లన్నీ అయ్యాక.

మళ్లీ ఆ తొట్టి బతకాలంటే వారాలు పడుతుంది. కాయ వారాలు ఆగదు. రైతులు అప్పటికే కోతలు మొదలుపెట్టారు. కంపెనీవాళ్లకు ఫోన్ చేసి గడువు అడిగితే, మీరు కాకపోతే ఇంకొకరు అన్నారు. ఆఫీసరమ్మకు ఉన్నదున్నట్టు చెబుదామంటే, తొట్టి చచ్చిందని చెప్పిన మరుక్షణం ఫ్యాక్టరీ తెరవొద్దంటుంది. ఇక మిగిలింది ఒక్కటే దారి. ఎక్కడైనా బతికున్న తొట్టి నుంచి ఒక ట్యాంకర్ బురద తెచ్చి పోస్తే, పాలలో తోడు వేసినట్టు త్వరగా అందుకుంటుంది.

మా ఫ్యాక్టరీకి రెండు ఊళ్ల అవతల పెద్ద ఫ్యాక్టరీ ఉంది. మాకు పదింతలు. మండలి అనుమతులన్నీ అద్దాలు కట్టించి గోడకు పెట్టుకున్నవాళ్లు. ఆ సాయంత్రమే, చీకటి పడకముందే, మా తమ్ముడు నన్ను వెంటబెట్టుకుని అక్కడికి పోయాడు. మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. సంగతంతా విన్నాడు. విని నవ్వాడు. మమ్మల్ని తీసుకుపోయి వాళ్ల తొట్టి చూపించాడు. మా దానికంటే ఎంతో పెద్దది, చుట్టూ పూలకుండీలు. నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగు కనిపిస్తోంది.

"మాదీ మీ మాదిరే ఉండాది కదప్పా. బురద యాడ్నించి తెచ్చిచ్చేది? ఇది బోరు నీళ్ల తొట్టి. మండలి వాళ్లు సీసా పట్టేది ఈడనే. నీకు ఎవురు సెప్పినారు అన్ని పురుగుల్ని సాకమని?" అన్నాడు.

ఎగతాళిగా కూడా అనలేదు, జాలిగా అన్నాడు.  గేటు బయటికి వచ్చాక మా తమ్ముడు, "అక్కా, వాళ్ల గుజ్జు మనకన్నా అగ్గవ రేటుకు ఎట్లిస్తారో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. తొట్టి కట్టినప్పటి నుంచీ ఆ రేటుకు ఇవ్వడం తనకే చేతకావడం లేదనుకున్నాడు పాపం.

మరునాడు ఆనవాయితీ ప్రకారం అన్నీ జరిగాయి. ఆఫీసరమ్మకు వేరే పని పడి రాలేదు. పాస్టరు ప్రార్థన చేశాడు. మునిరత్నమ్మ మొదటి కాయ కోసి, మొదటి ముక్క మా తమ్ముడి నోట్లో పెట్టింది. వాడు నమిలి మింగాడు. తరువాత మిషన్ స్విచ్చి వేశాడు. చచ్చిన తొట్టి పెట్టుకుని ఫ్యాక్టరీ నడపడం తప్పని వానికి నేను చెప్పాల్సిన పనిలేదు. 

ఊరూరూ తిరిగి పేడ తెచ్చాం. తిరుపతిలో మురుగునీళ్లు శుద్ధి చేసే చోటి నుంచి బతిమాలి ఒక ట్యాంకర్ బురద తెచ్చాం. మామిడి నీళ్ల పులుపు ఆ బురదలోని జీవాలకు పడలేదు, చూస్తుండగానే చచ్చి తేలాయి. వాడు షెడ్డులోకి రావడం మానేసి తొట్టి గట్టు మీదే ఉండేవాడు. తిండి అక్కడికే పంపేదాన్ని. ఒకరోజు చూస్తే, నేను పంపిన సద్దిలోని బెల్లం ముక్కను కూడా తొట్టిలో వేస్తున్నాడు. 

వంకలో నురగ మొదలైంది. తరువాత చేపలు తేలాయి. చెంగమ్మ మళ్లీ సీసా పట్టుకొచ్చింది. ఈసారి మా బల్ల మీద పెట్టలేదు, గేటు దగ్గర నిలబడింది.

"తొట్టి కట్టినావని సర్చీలో నీ పేరు సెప్పి ప్రార్థన సేసినాను దయానందూ. నువ్వు కూడానా?" అంది.

ఇంకెవరన్నా ఆ మాట అని ఉంటే నేను కొంగు బిగించి పోయేదాన్ని. చెంగమ్మను నేనేమనగలను? ఆమె మనవలు తాగేది ఆ బావి నీళ్లే. మా తమ్ముడు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. చెప్పుకుంటే మునిరత్నమ్మ పేరు చెప్పాలి. ఆ సీసా చెంగమ్మ చేతి నుంచి నేరుగా మండలి ఆఫీసుకు పోయింది.

వేదిక వచ్చింది. తొట్టి దగ్గరకు పోయి చూడగానే ఆమె ముఖం వాడిపోయింది. ఎవరో తెలిసినవాళ్లు పోయిన ఇంటికి వచ్చినట్టు నిలబడిపోయింది. "ఏమైందండీ దీనికి?" అని అడిగింది. మా తమ్ముడు "నా అజాగ్రత్త మేడం" అన్నాడు. ఆమె సీసాలో నీళ్లు పట్టి సీలు వేసింది.

నేను ఇక ఆపుకోలేకపోయాను. "ఆ పెద్ద ఫ్యాక్టరీకి ఏంటికి పోరమ్మా? వాళ్లు నీళ్లు యాడికి ఇడస్తా ఉండారో మీకు తెల్దా? వాళ్లది బోరు నీళ్ల తొట్టి. నా కళ్లారా సూసినాను" అన్నాను.

ఆమె తల దించుకుంది. "పోయాను. వాళ్ల సీసా శుభ్రంగా వచ్చింది. సీసాలో ఏముంటే అదే నేను రాయగలను అక్కా. మురికినీళ్లు వదిలే దొంగ గొట్టం ఎక్కడుందో వెతకడానికి ఇంత జిల్లాకూ మా ఆఫీసులో ఉన్నది నేనూ, ఇంకొకాయన" అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి వేయలేదు. మా ఫ్యాక్టరీకి తాళం పడుతుంటే ఆమె కన్నీళ్లు నేనేం చేసుకోను?

మండలి ఉత్తర్వు మీద కరెంటు తీసేసినరోజు గేటు బయట ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉన్నాయి. తోతాపురి కాయ ఎండకు చెక్కు కమిలి, అడుగున ఉన్నవి కుళ్లి, రోడ్డు మీద రసం కారుతోంది. రైతులు కాసేపు మమ్మల్ని తిట్టారు, తరువాత పెద్ద ఫ్యాక్టరీకి మళ్లారు. మేము మూసేశామని తెలిసి ఆ ఫ్యాక్టరీవాళ్లు ఆ మధ్యాహ్నానికే రేటు కోసేశారు. కొందరు రైతులు అక్కడికి పోవడం కూడా దండగని వంక గట్టున కాయలు కుమ్మరించి ఇంటికి పోయారు. కృష్ణగిరి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మండలి అనుమతి రద్దయినవాళ్ల గుజ్జు తీసుకోలేమని, వాళ్లకు పర్యావరణం ముఖ్యమని చెప్పారు. మా బదులు ఆ గుజ్జు ఎవరు ఇచ్చారో మీకు చెప్పక్కరలేదు.

ఆడవాళ్లు గేటు దగ్గర చెట్టు కింద కూర్చుని రోజూ ఎదురుచూసేవాళ్లు. నాలుగు రోజులకు సగమయ్యారు. వారానికి మునిరత్నమ్మ ఒక్కతే మిగిలింది.

ఇంత జరిగినా మా తమ్ముడు తొట్టిని వదల్లేదు. అద్దెకు జనరేటర్ తెచ్చి గాలి మిషన్ నడిపాడు. బెల్లం, పేడ, మళ్లీ బెల్లం. ఫ్యాక్టరీ లేదు, కాయ లేదు, ఎవరి కోసంరా అని అడిగితే, "చెంగమ్మ బావి కోసం అనుకో" అనేవాడు. జులై పోయింది. ఒకరోజు పొద్దున నీళ్లు గోధుమరంగు తిరిగాయి. పైన సన్నటి నురగ, తొలకరికి తడిసిన మట్టి వాసన. నాకే తెలియకుండా నేను గట్టు మీద కూర్చుని ఆ వాసన పీల్చాను. ఆగస్టులో వేదికే స్వయంగా వచ్చి, నీళ్లు బాగున్నాయని, ఫ్యాక్టరీ తెరుచుకోవచ్చని కాగితం ఇచ్చింది. చుట్టుపక్కల ఏ చెట్టుకూ ఒక్క కాయ లేదు.

ఆ కాగితం వచ్చేసరికే మా షెడ్డు పెద్ద ఫ్యాక్టరీ చేతికి పోయింది. మా తమ్ముడు సంతకం చేసేశాడు, చెయ్యక గత్యంతరం లేదు. డ్రమ్ములు పెట్టుకునే గోడౌను చేస్తారట. లారీలు తిప్పుకోవడానికి చోటు చాలదని, తొట్టిని మట్టితో పూడుస్తామని వాళ్ల మేనేజరు చెప్పిపోయాడు. సోమవారం మట్టి వస్తుంది.

శనివారం మునిరత్నమ్మ వచ్చింది. చేతిలో చీపురు, చంకలో పాత చీర పేలికలు. మా తమ్ముడు తొట్టి గట్టు మీద ఉన్నాడు, నేను పక్కన పేడ బకెట్ కడుగుతున్నాను.

"తెరవమని కాయితం వచ్చిందంట కదా అబయా. మొన్న ఆ ఆఫీసరమ్మ వచ్చినప్పుడు సూసినాలే" అంది. తొట్టిలోకి తొంగి చూసి ముక్కు మూసుకుంది. "అయ్యో, ఎట్ల పాడైపోయిందో సూడు. ఇంత గలీజు పెట్టుకుంటేనే కదా ఆ ఆఫీసరోళ్లు తాళం ఏసినారు. పోయినసారి మేము కడిగినాక కూడా మీరు బాగా సూసుకోల్యా. నువ్వేం దిగులు పడొద్దు. రేపు అందర్నీ పిల్సుకొస్తా. ఒక పూటలో అద్దం మాదిరి సేస్తాము. ఈతూరి ఇంకా బాగా రుద్దుతాము."

"దాని జోలికి పోవద్దు" అని నేను అరిచాను. బకెట్ చేతిలోంచి జారిపోయింది. మునిరత్నమ్మ బిత్తరపోయి నా వైపు చూసింది. ఆమెకు ఏమీ తెలియదు. మేమే తెలియనివ్వలేదు.

మా తమ్ముడు నా వైపు చూడలేదు. "కడగనీలే అక్కా" అన్నాడు. తరువాత ఆమెతో, "కడగండమ్మా. బ్లీచింగ్ స్టోర్ రూములో ఉండాది. తాళం తీసిపెడతా" అన్నాడు. వచ్చే ఏడుకు తెరుస్తావు కదా అని ఆమె అడిగితే, తెరుస్తానన్నాడు. ఆమె వాని తల నిమిరి, చీపురు గోడకు ఆనించి పోయింది.

వాడు స్టోర్ రూము తాళం తీసి, గాలి మిషన్ వైపు కూడా చూడకుండా ఇంటికి నడిచాడు. ఇన్ని నెలల్లో తొట్టికి మేత వేయకుండా వాడు ఇంటికి పోవడం అదే మొదలు.

బెల్లం బస్తా అడుగున ఒక గడ్డ మిగిలి ఉంది. రేపు కడిగేస్తారని తెలుసు, ఎల్లుండి పూడ్చేస్తారని తెలుసు. ఆ సాయంత్రం బెల్లం నేనే కరగబెట్టి పోశాను.